తెల్లనగరం లెక్కపెట్టని మనుషులు

1894 నవంబరు 17న బోస్టన్ పోలీసులు ఒక పెద్దమనిషిని అదుపులోకి తీసుకున్నారు. మంచి దుస్తులు, నెమ్మదైన మాట, డాక్టరు చదువు. పోలీసుల చేతిలో ఉన్న వారంటు టెక్సాస్‌లో జరిగిన గుర్రాల దొంగతనానిది. అతని వెంటపడింది మాత్రం ఫిలడెల్ఫియాలోని ఫిడెలిటీ మ్యూచువల్ అనే బీమా కంపెనీ. పది వేల డాలర్ల జీవిత బీమా సొమ్మును మోసం చేసి కాజేశాడని దాని అనుమానం. హత్య అన్న మాట అప్పటికి ఆ కేసు కాగితాల్లో లేదు.

అతని అసలు పేరు హెర్మన్ వెబ్‌స్టర్ మడ్జెట్. చికాగోకు తెలిసిన పేరు హెచ్.హెచ్. హోమ్స్. అప్పటికే ఆ నగరంలో అతనితో పరిచయమున్న నలుగురు స్త్రీలు, వారిలో ఒకరి చిన్నకూతురు ఒకరి తర్వాత ఒకరుగా కనబడకుండా పోయారు. తల్లీకూతుళ్లు మాయమై దాదాపు మూడేళ్లు. చివరి ఇద్దరు అక్కచెల్లెళ్లు మాయమై ఏడాది దాటింది. ఐదు ప్రాణాలు పోతే ఏ ఠాణా కదల్లేదు. పది వేల డాలర్లు పోతే పలు రాష్ట్రాల్లో డిటెక్టివ్‌లు కదిలారు.

1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన కథలో ఎక్కువగా చెప్పుకోవలసిన ముక్క ఇది. తక్కువగా చెప్పుకునేదీ ఇదే. ఆ కథ ఎప్పుడూ ఒకే మూసలో వినబడుతుంది. ఒక పక్క పాలరాతి కలలాంటి తెల్లనగరం, మరో పక్క దాని నీడలో రహస్య గదులతో, విషవాయువు గొట్టాలతో ఒక రాక్షసుడు కట్టుకున్న కోట. వినడానికి బాగుంటుంది. అయితే ఆ మూస ఒక నగరాన్ని సులువుగా నిర్దోషిగా వదిలేస్తుంది. ఇక్కడ వచ్చిన చిక్కంతా అదే.

ముందు ఆ నగరం పట్టుదల ఎంతటిదో చూడాలి. అది చిన్నచూపు చూడదగింది కాదు. 1871 అక్టోబరులో చికాగో నడిబొడ్డు కాలి బూడిదైంది. ఇరవై ఏళ్లు తిరగకుండానే, కొలంబస్ ప్రయాణానికి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా జరపాలనుకున్న ప్రపంచ ప్రదర్శన తమకే కావాలని ఆ ఊరు న్యూయార్క్‌తో, వాషింగ్టన్‌తో, సెయింట్ లూయిస్‌తో పోటీపడింది. 1890లో అమెరికా కాంగ్రెస్ చికాగోకే ఓటేసింది. పందుల్నీ పశువుల్నీ కోసి రైళ్లకెక్కించే ఊరికి కళల పండుగ ఎందుకని తూర్పు తీరం పెదవి విరిచింది. అంతకు ముందు ఏడాదే ప్యారిస్ తన ప్రదర్శనలో ఐఫిల్ టవర్ నిలబెట్టి ప్రపంచం నోరు మూయించింది. చికాగో దాన్ని మించాలి. చేతిలో ఉన్న సమయం రెండేళ్ల పైచిలుకు.

ఆ భారం డేనియల్ బర్న్‌హామ్ అనే ఆర్కిటెక్టు భుజాన పడింది. పని మొదలవకముందే, 1891 జనవరిలో, అతని భాగస్వామి జాన్ రూట్ న్యుమోనియాతో చనిపోయాడు. ఇద్దరిలో గీతలో అసలు ప్రతిభ రూట్‌దేనని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. బర్న్‌హామ్ ఆగలేదు. మిషిగన్ సరస్సు ఒడ్డున జాక్సన్ పార్కు అనే ఇసుక దిబ్బల, బురద మడుగుల నేలను ఎంచుకున్నారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కును తీర్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ మడుగుల్నే కాలువలుగా, దీవులుగా మలిచాడు. ఆరు వందల ఎకరాల పైచిలుకు నేల మీద దేశంలోని పేరున్న ఆర్కిటెక్టులంతా తలా ఒక భవనం లేపారు. జార్జ్ పోస్ట్ గీసిన పరిశ్రమల భవనం ఒక్కటే 1,687 అడుగుల పొడవు, 787 అడుగుల వెడల్పు. స్త్రీల భవనాన్ని గీసిన సోఫియా హేడెన్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు. మగ ఆర్కిటెక్టులకు వేలల్లో ముట్టిన చోట ఆమెకు ఇచ్చింది వెయ్యి డాలర్లు.

చూడటానికి పాలరాయి. ముట్టుకుంటే ప్లాస్టర్, సిమెంటు, జనపనార పీచు కలిపి ఇనుప చట్రం మీద మెత్తిన పూత. దాన్ని 'స్టాఫ్' అనేవారు. గడువు దగ్గరపడ్డాక అంతటికీ తెల్లరంగు గొట్టాలతో చిమ్మారు. తెల్లనగరం అన్న పేరు అలా వచ్చింది. రాత్రి అయితే వెస్టింగ్‌హౌస్ కంపెనీ, నికోలా టెస్లా రూపొందించిన ఏసీ విద్యుత్తుతో లక్షకు మించిన దీపాలు వెలిగించేది. ఇంట్లో కిరసనాయిలు దీపం తప్ప ఎరుగని రైతు కుటుంబాలు ఆ వెలుగు ముందు నిలబడి ఏమనుకున్నాయో ఊహించవచ్చు. పాత్రలు కడిగే జోసెఫిన్ కాక్రేన్ యంత్రం, తర్వాత జిప్పుగా మారిన విట్‌కూమ్ జడ్సన్ కొక్కేల పట్టీ, నడవకుండానే మనిషిని మోసుకుపోయే బాట, అన్నీ అక్కడే జనం కళ్ల ముందుకొచ్చాయి.

ఐఫిల్‌కు జవాబు మాత్రం పిట్స్‌బర్గ్ నుంచి వచ్చింది. వంతెనల ఉక్కు పరీక్షించే ముప్పై మూడేళ్ల ఇంజినీరు జార్జ్ ఫెర్రిస్, మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే మహాచక్రం కడతానన్నాడు. ఇంత సన్నటి చువ్వలతో నిలబడదని బర్న్‌హామ్ మొదట కొట్టిపారేశాడు. చివరికి ఒప్పుకునేసరికి చలికాలం ముంచుకొచ్చింది. గడ్డకట్టిన నేలను ఆవిరితో కరిగిస్తూ పునాదులు తీశారు. ఇరుసు ఒక్కటే దాదాపు నలభై అయిదు టన్నుల ఒంటి ముక్క. ప్రదర్శన మే 1న మొదలైతే చక్రం జూన్ 21న తిరిగింది. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, పెట్టెకు అరవై మంది. టికెట్ యాభై సెంట్లు, అంటే ప్రదర్శన ప్రవేశ రుసుముతో సమానం. ఇవాళ జాతరల్లో, నాంపల్లి నుమాయిష్‌లో పిల్లలు ఎక్కమని మారాం చేసే జెయింట్ వీల్ ఆ చక్రం సంతానమే. దాన్ని కట్టిన ఫెర్రిస్ మాత్రం లాభాల వాటా కోసం కోర్టుల చుట్టూ తిరిగి, 1896లో ముప్పై ఏడేళ్లకే కన్నుమూశాడు.

ఆరు నెలల్లో గేట్లు లెక్కపెట్టిన ప్రవేశాలు రెండు కోట్ల డెబ్బై లక్షలకు పైనే. అప్పటి అమెరికా జనాభా ఆరు కోట్ల ముప్పై లక్షలు. అక్టోబరు 9న, అగ్నిప్రమాదం వార్షికోత్సవానికి, ఒక్కరోజులోనే ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. ప్రతి టికెట్టుకూ లెక్క ఉంది. లోపలికి వచ్చిన మనిషి ఏ గేటు నుంచి వచ్చాడో, ఎన్ని సెంట్లు కట్టాడో చెప్పగలిగే వ్యవస్థ అది. ప్రదర్శన ఆవరణకు కొలంబియన్ గార్డు పేరుతో ప్రత్యేక పోలీసు బలగమే ఉండేది, దాదాపు రెండు వేల మంది. జేబుదొంగల మీద, సామాను దొంగల మీద గట్టి నిఘా. కంచె దాటితే మరో లోకం.

కంచెకు సుమారు మూడు మైళ్ల పడమరన, ఇంగిల్‌వుడ్ పేటలో అరవై మూడో వీధి, వాలస్ వీధి కలిసే మూలన హోమ్స్ భవనం ఉండేది. 1861లో న్యూహ్యాంప్‌షైర్‌లోని గిల్మన్‌టన్‌లో పుట్టి, 1884లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యం పూర్తిచేసి, 1886లో చికాగో చేరాడు. ఒక మందుల షాపులో పనికి కుదిరి, దాన్నే కొనుక్కుని, ఎదురుగా ఖాళీ స్థలంలో భవనం లేపాడు. కింద దుకాణాలు, పైన గదులు. 1892లో ప్రదర్శన యాత్రికుల కోసం హోటల్ అంటూ మూడో అంతస్తు ఎక్కించాడు.

ఆ హోటల్ గురించి ప్రపంచమంతా ఒక కథ తిరుగుతోంది. వచ్చిన అతిథిని వచ్చినట్టే గాలి చొరని గదిలో బంధించి చంపేవాడని, అలా రెండు వందల మందిని మింగేశాడని. పాత పత్రికలు, కోర్టు దస్తావేజులు, భూమి పత్రాలు తిరగేసిన ఆడమ్ సెల్జర్ 2017లో వెలువరించిన పుస్తకం ఆ కథలో చాలా భాగాన్ని పక్కకు నెట్టింది. మూడో అంతస్తు ప్రదర్శన యాత్రికుల హోటల్‌గా సరిగ్గా నడిచిన దాఖలాలే లేవు. దానిమీద, అందులోని సామాను మీద హోమ్స్ బీమాలు చేయించాడు. 1893 ఆగస్టులో పై అంతస్తు తగలబడింది. బీమా కంపెనీలు అనుమానపడ్డాయి. ఇక చాటు గదులు, దొంగ గోడలు ఉన్నమాట నిజమే. అప్పుమీద తెచ్చి డబ్బు కట్టని సామాను అప్పులవాళ్ల కంటబడకుండా దాచేందుకు అవి పనికొచ్చాయి. ఇటుకల వాడికి, ఇనుము అమ్మినవాడికి, వడ్రంగికి, ఎవరికీ పూర్తి డబ్బు ముట్టలేదు. ఆస్తి ఒకసారి ఒకరి పేర, ఇంకోసారి మరొకరి పేర. నోటీసు వచ్చేసరికి యజమాని వేరే ఉంటాడు.

రెండు వందలు అన్న అంకె కూడా నేరం జరిగిన నాటిది కాదు. 1940లో హెర్బర్ట్ ఆస్‌బరీ చికాగో నేరలోకం మీద రాసిన పుస్తకం నుంచి అది పాకిపోయింది. ఇరవై ఏడుగుర్ని చంపానని హోమ్స్ స్వయంగా ఒప్పుకున్న మాట ఉంది. హర్స్ట్ పత్రికలు డబ్బిచ్చి కొనుక్కున్న ఒప్పుకోలు అది. అందులో అతను చంపానన్న కొందరు అప్పటికి బతికే ఉన్నారు! చరిత్రకారులు గట్టిగా చెప్పగలిగేది తొమ్మిది మంది గురించి. కోర్టులో రుజువైంది ఒక్క హత్య.

తొమ్మిది అంటే తక్కువా? ఈ ప్రశ్న దగ్గరే నిలబడి ఆలోచించాలి. తొమ్మిది మందికీ పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, వెతికే మనుషులున్నారు. ముందు చికాగోలో మాయమైన ఐదుగురు. జూలియా కానర్, ఆమె కూతురు పెర్ల్. హోమ్స్ భవనంలోనే జూలియా భర్త నగల కౌంటరు చూసేవాడు, కాపురం చెడి వెళ్లిపోయాడు. తల్లీకూతుళ్లు 1891 క్రిస్మస్ నాటికి లేరు. ఎమెలీన్ సిగ్రాండ్ స్టెనోగ్రాఫర్‌గా 1892లో చేరింది, డిసెంబరు నాటికి లేదు. పెళ్లయి వెళ్లిపోయిందన్నాడు హోమ్స్. మిన్నీ విలియమ్స్‌కు టెక్సాస్‌లో ఆస్తి ఉంది. అది అతని చేతికి మారింది. ఆమె చెల్లెలు నానీ బడిపంతులమ్మ. ఈ తొమ్మిది మందిలో ప్రపంచ ప్రదర్శన చూడటానికని చికాగో వచ్చింది ఆమే. 1893 వేసవిలో అక్కతో, బావ అవుతాడనుకున్న మనిషితో తిరిగి చూసింది. జులైలో తన పిన్నికి ఉత్తరం రాసింది: అందరం కలిసి యూరప్ వెళుతున్నామని. ఆ తర్వాత ఇద్దరి జాడా లేదు.

వీళ్లెవరూ దారినపోతూ గది అద్దెకు తీసుకున్న అజ్ఞాత అతిథులు కారు. పరిచయస్తులు, ఉద్యోగులు, పెళ్లాడతానని నమ్మించిన ఆడవాళ్లు. ఆస్తి కోసమో, బీమా కోసమో, అడ్డు తొలగించుకోవడానికో చంపాడు. టైపు మిషను, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని చిన్న ఊళ్ల నుంచి మహానగరానికి ఒంటరిగా వస్తున్న మొదటి తరం ఆడపిల్లలు వీళ్లు. నగరానికి వాళ్ల శ్రమ కావాలి, వాళ్ల చేతివేళ్ల వేగం కావాలి. వాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటున్నారో, పొద్దున లేచారో లేదో అడిగే మనిషి ఎవరూ లేరు. ఉత్తరాలు ఆగిపోతే ఇంటివాళ్లు ఎవరికి రాయాలి? హోమ్స్‌కే రాశారు. అతను మర్యాదగా జవాబిచ్చాడు. తప్పిపోయిన ఆడపిల్ల ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్న ఊహ ఆ కాలపు పోలీసులకు చాలా సౌకర్యంగా ఉండేది. ఆ ఊహ ఇప్పటికీ చచ్చిపోలేదు.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే హోమ్స్ గుమ్మం ముందు మనుషులు బారులు తీరి ఉండేవారు. అప్పులవాళ్లు, వాళ్ల వకీళ్లు, వసూలు ఏజెంట్లు. వాళ్లంతా అతని సంతకాలు దాచుకున్నారు, మారుపేర్లు రాసుకున్నారు, గోడల వెనక సామాను వెతికారు. ఒక నేరగాడి మీద ఇంత సమాచారం ఒకే ఊళ్లో పోగుపడి ఉండటం అరుదు. ఆ కాగితాల్లో ఒక్కటీ తప్పిపోయిన మనిషి కాగితం పక్కన చేరలేదు. చేర్చే పని ఎవరిదీ కాదు గనక.

తెల్లనగరపు నేరం అంటే హోమ్స్ ఒక్కడి పేరే గుర్తుకు రావడం కూడా అన్యాయమే. 1893 జులై 10న ప్రదర్శన ఆవరణలోనే, వేలాది జనం కళ్ల ముందు ఘోరం జరిగింది. మంచు తయారుచేసి ఆహారం నిల్వ ఉంచే కోల్డ్ స్టోరేజీ భవనానికి పొగగొట్టం ఉండేది. దాని చుట్టూ అందం కోసం చెక్క గోపురం కట్టారు. చెక్కకు మంట తగలకుండా పొగగొట్టం కొసన ఇనుప తొడుగు పెట్టాలని ప్లానులో ఉంది. పెట్టలేదు. గోపురం పైన మంట కనబడితే అగ్నిమాపక దళం నిచ్చెనలతో పైకెక్కింది. మంట వాళ్ల కాళ్ల కింద, గోపురం లోపల ఉంది. దిగే దారి మూసుకుపోయింది. పైనుంచి వాళ్లు దూకుతుంటే కింద జనం చూశారు. పన్నెండు మంది అగ్నిమాపక సిబ్బంది, వాళ్లతో పాటు కూలీలూ చనిపోయారు. ఒక తొడుగు ఖర్చు, ఒక రోజు పని. దానికి ఎవరికీ శిక్ష పడలేదు. ప్రదర్శన ఆగనూ లేదు. హోమ్స్ గురించి సినిమాలు, ధారావాహికలు, దెయ్యాల యాత్రలు వస్తుంటాయి. ఈ పన్నెండు మంది గురించి చికాగో అగ్నిమాపక దళం బయట తెలిసినవాళ్లు తక్కువ. రాక్షసుడు ఉన్న కథే అమ్ముడవుతుంది. గడువు కోసం వదిలేసిన జాగ్రత్తలకు గిరాకీ ఉండదు.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న ప్రశ్న ప్రదర్శన మొత్తం మీద పరుచుకుని ఉంది. నల్లజాతి అమెరికన్లకు నిర్వహణలో చోటివ్వలేదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన డహోమీ జనాన్ని మాత్రం మిడ్‌వే అనే వినోదాల వీధిలో వింతగా చూపించారు. పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్, వృద్ధుడైన ఫ్రెడరిక్ డగ్లస్, మరి కొందరితో కలిసి, తమవాళ్లు ఈ ప్రదర్శనలో ఎందుకు లేరో వివరిస్తూ ఒక కరపత్ర పుస్తకం అచ్చేసి పంచారు. బానిసగా పుట్టి దేశమంతా గౌరవించే వక్తగా ఎదిగిన డగ్లస్‌కు సొంత దేశపు మంటపంలో స్థానం లేదు. హైతీ దేశం తన మంటపానికి ప్రతినిధిగా పెట్టుకుంటే ఆ హోదాలో వచ్చాడు. అదే ఏడాది అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. వందల బ్యాంకులు మూతపడ్డాయి. తెల్లనగరం కట్టిన కూలీలే ఆ చలికాలం చికాగో సిటీ హాలు వరండాల్లో పడుకున్నారు.

ఆ నగరంలో దిక్కుతోచక నిలబడ్డ పరదేశుల్లో మనవాళ్లకు బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, దాదాపు వెయ్యి మంది ముందు, పడమటి దేశాలకు తాను ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో వివేకానందుడు వివరించాడు. మే నెలాఖరున బొంబాయిలో ఓడెక్కి జులై చివరికి చికాగో చేరాడు. ప్రదర్శన చూశాడు. తాను పాల్గొనదలచిన సర్వమత సభ సెప్టెంబరులో గాని లేదని, పరిచయ పత్రం లేకుండా ప్రతినిధిగా చేర్చుకోరని తెలిసింది. డబ్బు కరిగిపోతుంటే ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్లాడు. తిరిగి చికాగోలో రైలు దిగేసరికి కమిటీ చిరునామా పోయింది. ఆ రాత్రి రైల్వే గూడ్స్ యార్డులో ఒక ఖాళీ పెట్టెలో పడుకున్నాడు. తెల్లవారి ధనవంతుల వీధిలో తలుపు తలుపూ తట్టాడు. కొందరు నౌకర్లు ఛీత్కరించారు, కొందరు మొహం మీదే తలుపేశారు. అలిసి వీధి పక్కన కూర్చున్నప్పుడు ఎదురింటి గృహిణి, శ్రీమతి జార్జ్ హేల్, తలుపు తీసుకుని వచ్చి, మీరు మత సభ ప్రతినిధా అని అడిగింది. లోపలికి పిలిచి, అన్నం పెట్టించి, సభ కార్యాలయానికి తానే తీసుకెళ్లింది. సెప్టెంబరు 11న ఆ సభలో జరిగింది లోకమంతా ఎరుగును. ఎవరు దాన్ని దైవ నిర్ణయం అన్నా, సంకల్ప బలం అన్నా, ఆ ఉదయం ఆయన క్షేమం పూర్తిగా ఎదురింటామె దయ మీద ఆధారపడింది. కొత్తగా వచ్చిన మనిషికి ఆ నగరం ఏర్పాటు చేసింది ఏమీ లేదు. తలుపు తీసింది శ్రీమతి హేల్ అయితే ఒక కథ. హోమ్స్ అయితే మరో కథ.

ప్రదర్శన ముగింపూ నెత్తుటి మరకతోనే జరిగింది. అక్టోబరు 28 రాత్రి మేయర్ కార్టర్ హారిసన్‌ను ఆయన ఇంట్లోనే ప్యాట్రిక్ ప్రెండర్‌గాస్ట్ అనేవాడు కాల్చి చంపాడు. తనకు నగరంలో పెద్ద పదవి రావాల్సి ఉందని అతనికి మతిభ్రమ. 30న జరగాల్సిన బాణసంచా, ఉపన్యాసాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాది జులైలో, పుల్‌మన్ రైల్వే సమ్మె అట్టుడికిన రోజుల్లో, మిగిలిన భవనాల్లో చాలావరకు కాలిపోయాయి. ఇటుకలతో కట్టిన కళాభవనం నిలబడింది. ఇప్పుడది విజ్ఞాన, పరిశ్రమల మ్యూజియం.

హోమ్స్ అప్పటికే చికాగో వదిలేశాడు. తన అనుచరుడు బెంజమిన్ పీట్‌జెల్‌తో కలిసి కొత్త పథకం వేశాడు. పీట్‌జెల్ పేర పది వేల డాలర్ల బీమా చేయించి, దొంగ శవం చూపించి సొమ్ము పంచుకోవాలని. 1894 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో దొరికింది దొంగ శవం కాదు, పీట్‌జెల్ శవమే. గుర్తు పట్టడానికి అతని కూతురు ఆలిస్‌ను తీసుకొచ్చారు. కంపెనీ డబ్బు కట్టింది. ఈ పథకంలో సాయానికి సెయింట్ లూయిస్ జైలులో ఒక రైలు దొంగకు హోమ్స్ అయిదు వందల డాలర్లు ఇస్తానని ఎగ్గొట్టాడు. వాడు పోలీసులకు ఉత్తరం రాశాడు. బోస్టన్ అరెస్టు దాని ఫలితమే. అప్పటికి ఆలిస్, నెల్లీ, హోవర్డ్ అనే ముగ్గురు పిల్లలు అతని వెంట వెళ్లి తిరిగి రాలేదు. తల్లికి మాత్రం పిల్లలు భద్రంగా ఉన్నారని చెబుతూ వచ్చాడు.

1895 జూన్ చివర్లో ఫిలడెల్ఫియా డిటెక్టివ్ ఫ్రాంక్ గేయర్ ఆ పిల్లల్ని వెతకడానికి బయల్దేరాడు. అతని దగ్గర మహత్తర పరికరాలేవీ లేవు. పిల్లల ఫోటోలు ఉన్నాయి. ఆలిస్, నెల్లీ తల్లికి రాసిన ఉత్తరాలున్నాయి. హోమ్స్ వాటిని తపాలాలో వేయకుండా తన దగ్గరే ఒక రేకు డబ్బాలో దాచుకున్నాడు. చలిగా ఉందని, ఇంటి మీద బెంగగా ఉందని ఆ పిల్లలు రాసుకున్న మాటల్లో ఊళ్ల పేర్లున్నాయి, హోటళ్ల ఆనవాళ్లున్నాయి. గేయర్ సిన్సినాటి, ఇండియానపొలిస్, డెట్రాయిట్, టొరొంటో తిరిగాడు. ఊరూరా హోటల్ రిజిస్టర్లు చూశాడు, ఇళ్ల బ్రోకర్లను అడిగాడు, కొద్ది రోజులకే ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్లిపోయిన మనిషి ఎవరని విసుగు లేకుండా అడుగుతూ పోయాడు. ఇదే పని 1892 జనవరిలో ఇంగిల్‌వుడ్‌లో ఎవరైనా ఒక వారం చేసి ఉంటే, జూలియా కానర్ ఎక్కడికి వెళ్లిందని ఆ భవనంలోని దుకాణదారుల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఎమెలీన్ ఆ గుమ్మం తొక్కేదా? టెక్సాస్ అక్కచెల్లెళ్లు, పీట్‌జెల్ పిల్లలు బతికి ఉండేవారని నమ్మడానికి గట్టి ఆధారమే ఉంది. గేయర్ వాడిన పద్ధతిలో 1892 నాటి పోలీసులకు అందనిదేదీ లేదు.

టొరొంటోలో అతను స్థానిక పత్రికల సాయం అడిగాడు. పత్రికలు పిల్లల వివరాలు, హోమ్స్ పోలికలు అచ్చువేశాయి. సెయింట్ విన్సెంట్ వీధిలో ఒక పెద్దాయన అది చదివి వచ్చాడు. కిందటి ఏడాది పక్కింట్లో అద్దెకు దిగినతను, బంగాళాదుంపలు నిల్వ పెట్టడానికి నేలమాళిగలో గొయ్యి తవ్వాలంటూ తన దగ్గర పార ఎరువు తీసుకున్నాడని చెప్పాడు. జులై 15న ఆ నేలమాళిగలో ఆలిస్, నెల్లీ దొరికారు. ఆగస్టు నెలాఖరున ఇండియానపొలిస్ శివారులో హోవర్డ్ అవశేషాలు బయటపడ్డాయి. 1896 మే 7న ఫిలడెల్ఫియాలో హోమ్స్‌ను ఉరితీశారు, పీట్‌జెల్ హత్యకు.

టొరొంటో పత్రికలు ఆ పని చేసిన జులై నెలలోనే చికాగో పత్రికలు వేరే పనిలో పడ్డాయి. ఇంగిల్‌వుడ్ భవనంలో పోలీసులు తవ్వకాలు మొదలుపెట్టగానే విలేకరులు ఎగబడ్డారు. దొరికిన ప్రతి గొట్టం విషవాయువు గొట్టమైంది, ప్రతి అల్మారా మరణ మందిరమైంది. కోట అన్న పేరు, గదుల పటాలు, ఊహించి గీసిన చిత్రహింసల బొమ్మలు పేజీలకెక్కాయి. మూడేళ్లుగా తప్పిపోయిన ఆడపిల్లల గురించి నగర పోలీసులు ఏం చేశారన్న ప్రశ్న ఆ బొమ్మల కింద నలిగిపోయింది. ఇవాళ్టికీ సినిమావాళ్లు, టీవీవాళ్లు ఎత్తుకుంటున్నది ఆ పటాలనే. హోమ్స్ కథ మళ్లీ చెప్పాలనుకునేవాళ్లు గేయర్ నడిచిన దారి పట్టుకుని, హోటల్ రిజిస్టర్ల నుంచి, తపాలాలో పడని ఉత్తరాల నుంచి మొదలుపెట్టాలి. ఆ పిల్లల్ని తల్లి దగ్గరకు చేర్చినవి అవే.